వంటవారెవరు?

పెండ్లి నిశ్చయమైనది. లగ్నపత్రిక వ్రాయబడినది. పందిరి, పట్టుచీరెలు, సన్నాయిమేళము - వీని మాట ముగిసినది. ఇక మిగిలినది భోజనముల మాట. ఇంటిపెద్దలందఱును గూడి మొట్టమొదట నడుగు ప్రశ్న యొక్కటియే: "వంటవారెవరు?"

ఈ ప్రశ్న వినుటకు మిక్కిలి యుక్తముగా నున్నది. వేయిమంది యతిథుల ప్రాణములను ఎవరి చేతులలో బెట్టబోవుచున్నామో తెలిసికొనగోరుట వివేకమే కదా! కాని దీనికి మనవారు కోరు ప్రత్యుత్తరమేమి? వంటవాని కులము, అతని యూరు, అతడు చేయు బూరెల ఖ్యాతి, విస్తరి యొక్కంటికి బుచ్చుకొను రూకలు. ఇంతటితో విచారణ ముగియును. అతడు చేతులెచ్చట గడుగుకొనును? అతని వెంట వచ్చు పదిమందిలో జ్వరముతో నున్నవాడెవడైన గలడా? మధ్యాహ్నము వండినదానిని రాత్రి బంతికి వడ్డించునా? ఈ ప్రశ్నలడిగిన పెద్దమనుష్యుని నేనింతవఱకు జూడలేదు. ఎవడైన నడిగినచో నతని వంక నందఱును వింతగా జూచి, శుభకార్యమునం దీ యశుభపు మాటలేమని కసరుకొందురు.

రెండేండ్ల క్రిందట గోదావరి యొడ్డున నున్న యొక పట్టణమున మా బంధువుల యింట వివాహము జరిగినది. వైశాఖమాసము, పట్టపగటి ముహూర్తము, నలువదిమూడు వంటకములు. నేను లెక్కపెట్టలేదు, పెండ్లికూతురి తండ్రియే వచ్చినవారికెల్ల లెక్కపెట్టి చెప్పెను. మగపెండ్లివారి బంధువులు కొందఱు రైలు తప్పి రాత్రికి వచ్చిరి. మధ్యాహ్నము మిగిలిన యన్నము వెదురుతట్టలలో రాశిగా బోసి, తడిగుడ్డ కప్పి, పందిరి వెనుక నుంచబడి యుండెను. గుండిగలో మిగిలిన కూరయు నట్లే యుండెను. పారవేయుటకు మనసొప్పక వానినే కొంచెము వెచ్చచేసి వడ్డించిరి. తెల్లవాఱులోపల నలువదిమందికి బైగా వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. సమీపమున నున్న వైద్యశాలలో మంచములు చాలక బల్లలమీద బరుండబెట్టి సెలైను ఎక్కించిరి.

అప్పుడు పందిరిలో జరిగిన విచారణ వినదగినది. దిష్టి యని యొకరు. ఎండదెబ్బ యని యొకరు. నీరు పడలేదని యొకరు. ఆశపడి యధికముగా దినిరని వేఱొకరు. ఎనుబదియేండ్లు దాటిన మా మేనత్తగారు మాత్రము నన్ను దగ్గఱకు బిలిచి, "వంటవాళ్ళు మనవాళ్ళే కదా నాయనా, మఱి ఇట్లా ఎందుకయింది?" అని యడిగెను. ఆమె హాస్యమునకు అడుగలేదు. జన్మమంతయు నమ్మిన ధర్మము తన కన్నులయెదుట దబ్బఱయగుట చూచి, నిజముగా దెలియక యడిగినది.

పెండ్లికూతురి తండ్రి వైద్యుని చేతులు పట్టుకొని, "బయటకు పొక్కనీయకండి, పిల్ల పెండ్లి అల్లరిపాలవుతుంది" అని వేడుకొనెను. వైద్యుడు దయగలవాడు; అట్లేయనెను. పురపాలకసంఘమువారి యారోగ్యశాఖ కార్యాలయ మచ్చటికి నాలుగు వీథుల దూరముననే యున్నది. అచ్చటి కొక్కరును బోలేదు. మఱునాడు ఆ వంటవారే, ఆ తట్టలతోనే, ఆ గుడ్డలతోనే, మఱియొక పెండ్లికి వండిరి. ఈ సంగతి నాకు దెలియును. నేనును నోరు మెదపలేదు. ఈ వ్యాసమునకు గారణము ఆనాటి నా మౌనమే.

మన పూర్వాచారము లన్నియు నవివేకములని నేననను. ఎంగిలిగరిటె గుండిగలో బెట్టరాదనుట, స్నానము చేసి వంటయింట బ్రవేశించుట, వండినది ఆ పూటకే తినుట - వీనిలో ఆరోగ్యబీజము కలదు. కాని యా బీజము మీద మనము కులమను రాతిని బొర్లించితిమి. శుభ్రతను గూర్చిన శ్రద్ధ యంతయు, తాకినవాడెవడు, చూచినవాడెవడు అను శ్రద్ధగా మాఱిపోయినది. మడిచీరె కట్టినవారి గోళ్ళక్రింద నేమున్నదో చూచువారు లేకపోయిరి. వాకిట నిలిచినవాని నీడ సోకినదని యన్నము పారబోసిన యిండ్లలోనే, ఈగలు ముసిరిన పాయసమును గౌరవముగా వడ్డించిరి. సూక్ష్మజీవికి గోత్రము లేదు. వండినవాని ప్రవర యడిగి యది లోపలికి బోదు.

మా మేనత్తగారి ప్రశ్నకు శాస్త్రము చెప్పు ప్రత్యుత్తరము సులభమైనది. ఉడికినయన్నములో సూక్ష్మజీవులన్నియు జచ్చునని మన నమ్మకము. అది నిజము గాదు. బియ్యములో దఱచుగా నుండు బాసిల్లస్ సీరియస్ అను జీవి విత్తనమువంటి గట్టి రూపమును దాల్చి యుడుకునకు సైతము తట్టుకొనును. అన్నము గోరువెచ్చనైన పిమ్మట నది మేల్కొని పెరుగనారంభించును. వండిన పదార్థము సెల్సియస్ మానమున 5 డిగ్రీలకు దక్కువగా నుండవలయును. లేదా 60 డిగ్రీలకు మించి యుండవలయును. ఈ రెంటి నడుమ నున్న వేడి సూక్ష్మజీవులకు బుట్టినిల్లు. అనుకూలమైన వేడిలో వీనిలో గొన్ని జాతులు 20 నిమిషముల కొకమారు రెట్టింపగును. ఒక్కటి గంటకు 8 యగును. ఏడు గంటలకు 20 లక్షలు దాటును. మధ్యాహ్నము ఒంటిగంట మొదలు రాత్రి యెనిమిది గంటల వఱకు ఎన్ని గంటలో చదువరులే లెక్కించుకొనవచ్చును.

"మఱల వేడిచేసిరి కదా!" అందురు. వేడి సూక్ష్మజీవిని జంపవచ్చును. అది యప్పటికే విడిచిన విషమును జంపదు. మనుష్యుని ముక్కులో, చర్మముపై, చేతిపుండ్లలో నివసించు స్టెఫైలోకోకస్ అను జీవి యాహారములో బెరిగి విడుచు విషము, మనము మఱల గాచినంతమాత్రమున నశించునది కాదు. అన్నములోని బాసిల్లస్ వాంతి పుట్టించు విషమును నట్టిదే. పెద్దగుండిగల మాట చెప్పనక్కఱలేదు. పైన చల్లబడినను నడుమ గంటలకొలది గోరువెచ్చగా నుండును. ఇంటిలో నలుగురికి వండునపుడు లేని యపాయము నాలుగువందలమందికి వండునపుడు కలుగుట కిది యొక ముఖ్యకారణము. విందు పెద్దదైనకొలది పాకశాస్త్రముకంటె జాగ్రత్త యెక్కువ కావలయును. మనకు బెరుగుచున్నది వంటకముల సంఖ్య మాత్రమే.

ఇది కడుపునొప్పితో ముగియు చిన్నసంగతి యని యెవరును దలపరాదు. చెడిన యాహారమువలన లోకమున నేటేట 60 కోట్లమంది వ్యాధిగ్రస్తు లగుచున్నారనియు, 4 లక్షల 20 వేలమంది మరణించుచున్నారనియు, వారిలో 1 లక్ష 25 వేలమంది అయిదేండ్లు నిండని పసిబిడ్డలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా కట్టినది. విందులో మొదట నెవరికి వడ్డింతుము? పిల్లలకును ముసలివారికిని గదా! మొదట బడిపోవువారును వారే.

వంటయింటి దోషమును కంటితో గనుగొనవచ్చుననుకొనుటయు బొరపాటే. దీనికి న్యూయార్కు నగరమున జరిగిన యొక చరిత్ర చాలును. మేరీ మాలన్ అను ఐర్లండు దేశపు స్త్రీ యచ్చటి ధనికుల యిండ్లలో వంటచేసి జీవించుచుండెను. 1906 వేసవిలో, ఆమె వండిన యొక విహారగృహమున పదునొకండుగురిలో ఆఱుగురికి టైఫాయిడు సోకెను. జార్జి సోపర్ అను పరిశోధకు డామె పూర్వము పనిచేసిన యిండ్ల నన్నిటిని వెదకి చూడగా, ఆమె వెంట జ్వరమును నడచినట్లు తేలెను. ఆమెకు జ్వరము లేదు, బలిష్ఠురాలు, వంటలో నేర్పరి. ఐనను ఆమె దేహమున టైఫాయిడు సూక్ష్మజీవులు కాపురముండెను. పొయ్యిమీద నుడికిన పదార్థములకంటె, ఆమె చేతితో గోసి కలిపిన పచ్చిపండ్ల హిమక్షీరమే వ్యాధిని బంచియుండునని సోపర్ యూహించెను. మన పెరుగుపచ్చళ్ళును, కోసిన పండ్లును, పచ్చికొబ్బరియు నీ సందర్భమున జ్ఞప్తికి రావలయును.

నగరారోగ్యశాఖ 1907లో ఆమెను బట్టి యొక ద్వీపమున నుంచి, మఱల వంటచేయనని మాట పుచ్చుకొని 1910లో విడిచిపెట్టెను. చాకలిపనిలో గూలి తక్కువ. వంట తప్ప వేఱు మంచిబ్రతుకు ఆమె యెఱుగదు. ఆమెకు దానిని జూపినవారును లేరు. పేరు మార్చుకొని యొక ప్రసూతివైద్యశాలలో వంటకు గుదిరెను. 1915లో అచ్చట 25 మందికి టైఫాయిడు వచ్చెను. ఆమె మఱల నా ద్వీపమునకే పంపబడి, 1938లో మరణించువఱకు అచ్చటనే యుండెను. ఈ చరిత్రలో రెండు నీతులు కలవు. కంటికి గనబడని దోషమును గనుగొనుటకు పరీక్ష కావలయుననునది మొదటిది. రోగము దాచినవానికే కూడు దొరకునట్లు లోకమును నడిపినంతకాలము రోగము దాగియే యుండుననునది రెండవది. మొదటి నీతిని మన శాసనకర్తలు గ్రహించిరి. రెండవదానిని మనమెవరమును గ్రహింపలేదు.

మనకు చట్టములు లేవని యెవరును జెప్పజాలరు. చెన్నపురి రాజధానిలో 1918లోనే కల్తీనివారణచట్టము పుట్టినది. స్వాతంత్ర్యానంతరము 1954లో దేశమంతటికి నొక్క చట్టము వచ్చినది. కాని యీ రెండు చట్టముల ప్రధానదృష్టియు కల్తీమీదనే నిలిచినది. పాలలో నీళ్ళు, నేతిలో క్రొవ్వు, కారములో రంగు - వీనిని పట్టుటకు నమూనా తీసి ప్రయోగశాలకు బంపుట ఆ కాలపు పద్ధతి. వంటవాని చేతులు కల్తీపదార్థము కావు. వానిని సీసాలో బెట్టి పంపుటకు వీలులేదు. ఈ లోపము 2006లో జేయబడి 2011 ఆగష్టు 5వ తేదీనుండి యమలునకు వచ్చిన ఆహారభద్రతాచట్టముతో గొంత తీఱినది. ఈ చట్టము పదార్థమును మాత్రమేకాక, అది వండబడిన చోటును, వండిన మనుష్యుని గూడ విచారించును. ఆహారభద్రతాధికారి వంటయింట బ్రవేశించి చూడవచ్చును, నమూనా తీయవచ్చును. ఆపైనున్న యధికారులు లోపములు దిద్దుకొనుమని తాఖీదు పంపవచ్చును. ప్రాణాపాయముండెనేని వెంటనే తలుపులు మూయింపవచ్చును. అపరిశుభ్రమైన చోట వండినందుకు లక్షరూపాయల వఱకు జుల్మానా విధింపవచ్చును. ఆహారమువలన మనుష్యుడు మరణించినచో, అతని వారసులకు 5 లక్షల రూపాయలకు దక్కువగాని నష్టపరిహార మిప్పింపవచ్చును.

2011 నాటి నిబంధనలలో వంటవారిని గూర్చిన ప్రకరణము ప్రతి గృహస్థుడును చదువదగినది. ఆహారమును ముట్టు ప్రతిమనుష్యునికి ఏటేట వైద్యపరీక్ష జరుగవలయును. టైఫాయిడు కోవకు జేరిన వ్యాధులకు టీకా వేయింపవలయును. వానికి సంబంధించిన కాగితము లచ్చట నుండవలయును. జ్వరము, విరేచనములు, చేతిపుండ్లు గలవారిని పదార్థముల దరికి రానీయరాదు. ఇందుమూలమున పెండ్లివంటల గుత్తదారులకు మినహాయింపు కలుగలేదు. విందులలో ఆహారము పంచు చిన్నవారికి నమోదు చాలునన్న ఆ నిబంధనలే, వంట గుత్తదారుని ఆ చిన్నవారి కోవనుండి తొలగించి లైసెన్సు గలవాడై యుండవలెనని విధించినవి. ఎంత చక్కని శాసనము! హైదరాబాదు నగరముననే తయారగు టైఫాయిడు టీకా యొకటి 2017 తుదిలో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి యంగీకారము బొంది దేశదేశములకు బోవుచున్నది. ఆ నగరమున పందిరిక్రింద గరిటె పట్టినవారిలో నెందఱు దానిని వేయించుకొనిరని మన మెన్నడైన నడిగితిమా?

శాసనమున్నది, ఆచరణ మెట్లున్నది? 2024 వేసవిలో తెలంగాణ ఆహారభద్రతాశాఖవారు హైదరాబాదులోని పేరుపొందిన భోజనశాలలలో నాకస్మికముగా బ్రవేశించి తాము జూచినదానిని లోకమునకు బ్రకటించిరి. గడువు తీఱిన సరకులు, బొద్దింకలు, మూతలేని పాత్రలు, వైద్యపరీక్షపత్రములు లేని పనివారు! దీపములు మిలమిలలాడు శాలల వెనుక నిట్టి వంటయిండ్లుండునని జనులు నివ్వెఱపోయిరి. ఆ సంవత్సరమే అక్టోబరు 30వ తేదీన, పచ్చికోడిగ్రుడ్లతో జేయు మేయొనీసు అను వెన్నవంటి పూతను రాష్ట్రమంతట నొక సంవత్సరము నిషేధించిరి. ఆ మాసముననే నగరమున వీథిలో దిన్న యాహారమువలన బలువురు వ్యాధిగ్రస్తులై, యొక స్త్రీ మరణించియుండెను.

ఈ పనులను నేను మెచ్చుకొందును. కాని మెచ్చుకొనుచునే యొకమాట యనవలసియున్నది. దాడి వేఱు, కావలి వేఱు. దొంగతనము జరిగినపిమ్మట వచ్చు తలారిని మనము పొగడుచున్నాము. రాత్రులు తిరిగి తలుపులు తట్టిచూచు తలారిని గోరుట మఱచితిమి. ఆరోగ్యశాఖ యొక్క నిజమైన గొప్పతనము వార్తాపత్రికల కెక్కునది కాదు. ఏటికి గొన్ని మార్లు, చెప్పకుండ, ప్రతి వంటయింటికిని వచ్చి, నీటితొట్టిని, మంచుపెట్టెను, చేతులు కడుగుచోటును జూచి, లోపములు వ్రాసి, మఱల వచ్చి దిద్దిరో లేదో చూచి పోవుటయే దాని ముఖ్యకార్యము. ఆ దినము వార్త యేమియు నుండదు. వార్త లేకుండుటయే దాని జయము.

ఆ చూచినదానిని దాచియుంచుటయు బనికిరాదు. ఇంతకుముందు చెప్పిన న్యూయార్కు నగరమువారే 2010 జూలైనుండి యొక పద్ధతిని బెట్టిరి. తనిఖీదారు ముందుగా దెలుపక వచ్చి తప్పులకు మార్కులు వేయును. తప్పుల మార్కులు 13 వఱకున్నచో మొదటితరగతి. 14 మొదలు 27 వఱకు రెండవతరగతి. అంతకు మించినచో మూడవతరగతి. ఆ తరగతి యక్షరమును భోజనశాలవారు వీథినుండి కనబడునట్లు వ్రేలాడదీయవలయును. కూలివాడైనను, కోటీశ్వరుడైనను, లోపల నడుగుపెట్టకముందే వంటయింటి గుణమును దెలిసికొనును. మనదేశమునను ఆహారభద్రతాసంస్థవారు అయిదు నక్షత్రముల పరిశుభ్రతాపద్ధతిని బెట్టిరి. కాని యది ప్రధానముగా కోరినవారికి మాత్రమే! పరీక్షకు గూర్చుండుటయు, కూర్చుండకుండుటయు విద్యార్థి యిష్టమునకు విడిచినచో నెవడు తప్పును? చదివినవాడు వచ్చును, చదువనివాడు రాడు, మనము రానివాని యింటనే భోజనము చేయుదుము. ఈ నక్షత్రములు నిర్బంధము కావలయును. పెండ్లి మండపముల గుమ్మములకును వ్రేలాడవలయును.

ఇచ్చట మూడు ఆక్షేపణలు వినబడును. "మా తాతలు తినలేదా? వారికేమైనది?" అనునది మొదటిది. తాతలకేమైనదో తాతలతోడనే పోయినది. వారి కాలమున విరేచనములతో బోయిన పసివాని నమ్మవారు తీసికొనిపోయినదనిరి. లెక్క వ్రాయనివాడు అప్పు లేదనుకొనుటవంటి దీ వాదము. మఱియు మన తాతలు వండినవెంటనే విస్తళ్ళలో వడ్డించిరి. నాలుగు గంటలసేపు బల్లలమీద బఱచి, వచ్చిపోవువారు చల్లారిన గరిటెలతో దీసికొను విందులను వారెఱుగరు.

"తనిఖీదారులు లంచగొండులు, వారికి అధికారమిచ్చిన రూకలు గుంజుదురు" అనునది రెండవది. కొందఱు గుంజుదురు. దాని కౌషధము తనిఖీ మానుట కాదు; తనిఖీఫలమును గుమ్మమునకు గట్టుట. ఏకాంతమున నిచ్చు క్షమాపణపత్రము అమ్ముడుపోవును. వీథిలో నందఱును జదువు నక్షరము నమ్ముట కష్టము. ఏలయన మొదటితరగతి పలకక్రింద బొద్దింక ప్రాకినపుడు సిగ్గుపడువాడు హోటలువాడొక్కడే కాడు, సంతకము చేసిన యధికారియు సిగ్గుపడును.

మూడవ యాక్షేపణ న్యాయమైనది. దానికి నేను తలవంచుదును. "ఈ చట్టములన్నియు బండిమీద నిడ్డెనలమ్ము పేదలమీద బడును, పెద్ద మండపములవారు తప్పించుకొందురు." ఇది తఱచు జరుగుచున్నది. నీటికొళాయి లేని వీథిలో నొక వితంతువు దోసెలు పోసి బిడ్డలను బెంచుచుండును. చేతులు కడుగలేదని యామె బండిని ద్రోయుట ధర్మమా? 2014లో వీథివర్తకుల రక్షణకై చట్టము వచ్చినది. వారికి చోటు చూపవలసినది పురపాలకసంఘము. చోటుతోబాటు కొళాయి, మురుగుకాలువ, చెత్తతొట్టి చూపుట యారోగ్యశాఖ పనిలో మొదటి భాగము. జుల్మానా చివరి భాగము. నీళ్ళిచ్చిన పిమ్మట చేతులు చూడుడు. నీళ్ళీయక చేతులు చూచుట దౌర్జన్యము.

అట్లే వంటవారిమాట. జ్వరముతో నున్నవాడు పనికి రారాదని చట్టము చెప్పుచున్నది. సరియే. రానినాడు వాని కూలి యెవరిత్తురు? పెండ్లిండ్ల మాసములు నాలుగైదు. ఆ దినములలో సంపాదించినదే వాని సంవత్సరపు గ్రాసము. ఒక్కదినము మానినచో మఱునాడు వాని స్థలమున వేఱొకడుండును. కావున మాత్ర మ్రింగి, నడుము బిగించి, మనకు లడ్డూలు చుట్టును. వానిని నిందింపకుడు. ఆ లడ్డూలో మన లోభమును గలదు. మేరీ మాలన్ కథలోని రెండవ నీతి యిదియే. జబ్బుపడిన వంటవానికి ఆనాటి కూలి నిచ్చుట దానము కాదు. అతిథుల ప్రాణములకు మనము చెల్లించు మిక్కిలి చౌకయైన కావలికూలి.

ఇక గృహస్థులు చేయదగినదేమి? ఆరోగ్యశాఖకు గన్నులున్నను, మనము నోరు విప్పనిచో నది గ్రుడ్డిదే యగును. వైద్యులు విషాహారపు సంగతులను దెలుపవలెనని ప్రకటన మూలమున నాజ్ఞాపించుటకు 2006 నాటి చట్టపు 35వ విభాగము అధికారమిచ్చుచున్నది. కాని వైద్యుని చేతులు పట్టుకొని "పొక్కనీయకండి" అని వేడుకొను కన్యాదాతలున్నంతకాలము ఏ విభాగ మేమి చేయగలదు? నలుగురికి వాంతులైననాడే యొక్కరు పోయి చెప్పినచో, మిగిలిన కూర పరీక్షకు బోవును, కారణము తేలును, రేపటి పెండ్లి బ్రతుకును. సందేహము గలిగిన పదార్థమును కొన్నవాడు తానే రుసుము చెల్లించి విశ్లేషకునిచే బరీక్ష చేయించుకొనవచ్చునని 40వ విభాగము చెప్పుచున్నది. ఈ హక్కు నెందఱెఱుగుదురు?

పెండ్లి కుదిరినపుడు, వంటలగుత్తవానికి బయానా యిచ్చుటకు ముందు, ఇల్లాలైనను యజమానుడైనను ఈ మాటలడుగవలయును. నీ లైసెన్సు యొక్క పదునాలుగంకెల సంఖ్య యేది? నీవారికి వైద్యపరీక్ష యెప్పుడు జరిగినది? పందిరి వెనుక చేతులు కడుగుటకు నీళ్ళును సబ్బును నెచ్చట బెట్టుదువు? త్రాగునీరెచ్చటిది? పచ్చికూరలు, మాంసము తఱుగు పీట, వండినవానిని బెట్టు బల్ల వేఱువేఱుగా నుండునా? రాత్రి బంతికి మరల వండుదువా? మిగిలినది యేమగును? జబ్బుపడినవానిని బంపివేసినచో వానికూలి నేనిత్తును, నీకు సమ్మతమేనా? ఈ ప్రశ్నలకు దడబడువాని బూరెలు ఎంత రుచియైనను మనకక్కఱలేదు. ఇన్ని ప్రశ్నలడుగుటకు లజ్జ కలిగినచో, నలువదిమూడు వంటకములలో నిరువది తగ్గింపుడు. ఆ మిగిలిన సొమ్ముతో పొయ్యిదగ్గఱ వేడినీళ్ళు, మంచుపెట్టె, ఇద్దఱు పనివాండ్రు అమరుదురు. వంటకములు తక్కువైనందుకు బంధువులు రెండుదినములు చెప్పుకొందురు. బిడ్డ పోయినచో జన్మమంతయు నేడ్చుకొందుము.

సోదరీమణులారా! సోదరులారా! అన్నికులములవారిని ఒక్కబంతిలో గూర్చుండబెట్టుటకై మన పెద్దలు వెలివేతల నోర్చిరి, నిందలు మోసిరి. ఆ బంతి నేడు పెండ్లి మండపములలో, భోజనశాలలలో, సంకోచము లేకుండ సాగుచున్నది. ప్రక్కవాడెవడని యడుగుట చాలవఱకు మానితిమి, సంతోషమే. కాని యా బంతిలో వడ్డింపబడునది విషమైనచో మనము సాధించిన సమత్వమెట్టిది? నలువదిమందికి సమముగా సోకిన వాంతులా? కులము నడుగుట మానినవారు, దాని స్థలమున శుభ్రత నడుగుట నేర్వవలయును. పాతప్రశ్న పోయి క్రొత్తప్రశ్న రానిచో నాచోటు శూన్యమై యుండును. ఆ శూన్యములోనికే రోగము ప్రవేశించును.

మా మేనత్తగారికి నేనానాడు ప్రత్యుత్తర మీయలేదు. ఈ సంవత్సర మామె మనుమరాలి పెండ్లి నిశ్చయమైనది. మొన్న పెద్దలు చేరినపుడు, ఎప్పటివలెనే "వంటవారెవరు?" అను ప్రశ్న పుట్టినది. ఎవరో యొక పేరు చెప్పి, "మనవాళ్ళే" అనిరి. మా మేనత్తగారు కొంతసేపు ఊరకుండి, "మనవాళ్ళయితే అయినారు. చేతులెక్కడ కడుక్కుంటారో అడగండిరా" అనెను. ఎనుబది దాటిన యామె యడుగగలిగిన ప్రశ్నను, చదువుకొన్న మనమేల యడుగరాదు?